తల్లి వృత్తి: గృహిణి

(అభిప్రాయం – ఇంగ్లిష్ టీచర్, మాచవరం)



మన అడ్మిషన్ ఫారంలో పక్కపక్కనే రెండు గడులు ఉంటాయి. తండ్రి వృత్తి, తల్లి వృత్తి. తండ్రి గడిలో రకరకాలు కనిపిస్తాయి. వ్యవసాయం, ఎరువుల షాపు, లారీ, పిడుగురాళ్లలో సున్నపు బట్టీ, గుంటూరు యార్డులో మిర్చి వ్యాపారం. తల్లి గడికి వచ్చేసరికి చాలా ఫారాల్లో ఒకటే మాట: గృహిణి. పక్కన ఆదాయం దగ్గర ఒక అడ్డగీత. కొందరు ఆ గీత కూడా గీయరు.

ఆ మాటలో తప్పేముంది అంటారా? టీచర్లు, ఏఎన్ఎమ్‌లు, బ్యాంకు ఉద్యోగులైన తల్లులు ఎటూ తమ ఉద్యోగం రాస్తారు. వాళ్ల సంగతి కాదు నేను చెప్పేది. తండ్రి గడిలో ‘వ్యవసాయం’ అని, తల్లి గడిలో ‘గృహిణి’ అని ఉన్న ఫారాల గురించి. మాచవరం చుట్టుపక్కల వ్యవసాయం అంటే మిరప, పత్తి, కాలువ నీళ్లు అందినచోట వరి. మిరప నారు నాటేది ఎవరు? కలుపు తీసేది ఎవరు? ఎండాకాలం మొదట్లో కోతలకు వంగేది ఎవరు? కల్లంలో కాయ ఎండాక ఎర్రటి ఎండలో కూర్చుని తాలుకాయలు ఏరేది ఎవరు? ఆ ఘాటుకి తుమ్ముతూ, చేతులు మండుతూ, రాత్రి పిల్లాడికి అన్నం కలిపి పెట్టలేక చెంచాతో పెట్టేది ఎవరు? మందు కొట్టడం, ట్రాక్టరు తోలడం, యార్డుకు తీసుకెళ్లి అమ్మడం నాన్న పని. మిగతాదాంట్లో పెద్ద వాటా అమ్మది. ఒకే పొలం, ఒకే పంట. ఆయన రైతు, ఆమె గృహిణి.

పట్టాదారు పాసు పుస్తకం ఆయన పేరున ఉంటుంది కాబట్టి ఆయనే రైతు అంటారు. అదొక కారణమే. కానీ పాసు పుస్తకం లేని కౌలుదారు కూడా తన గడిలో ‘వ్యవసాయం’ అనే రాస్తాడు. ఆయనకు ఎవరూ అడ్డు చెప్పరు.

మన ఊళ్లలో కూలి రేటు ఎలా చెప్తారో గుర్తు తెచ్చుకోండి. ‘ఆడకూలి ఇంత, మగకూలి ఇంత’ అని రెండు రేట్లు. ఒకే రకం పనికి ఆడవాళ్లకు తక్కువ కూలి ఇవ్వకూడదని 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది. దాదాపు యాభై ఏళ్లు. ఇప్పటికీ ఆ రెండు మాటలు మన నోట్లో రెండుగానే ఉన్నాయి. ‘మగవాళ్ల పని బరువు, ఆడవాళ్ల పని తేలిక’ అని సమాధానం చెప్తారు. రోజంతా నడుం వంచి మిరపకాయ కోసినవాళ్లు ఎవరూ ఆ మాట అనగా నేను వినలేదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేసి మాట్లాడితే అన్యాయం. ఒక పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లితో ఈ సంగతి మాట్లాడాను. ‘మీరు కూడా పొలం చూసుకుంటారు కదమ్మా, వ్యవసాయం అని రాయొచ్చు కదా’ అన్నాను. ఆమె నవ్వి, ‘వద్దు మేడమ్. మా అమ్మ జీవితమంతా కూలికెళ్లింది. నేను గృహిణి అని రాయించుకోవడానికే ఇంత దూరం వచ్చాను’ అంది. ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. ‘మా ఆవిడ పొలం వెళ్లదు’ అని చెప్పుకోవడం మన దగ్గర ఒక హోదా. చేతికి నాలుగు డబ్బులు రాగానే ముందు మాన్పించేది ఆడవాళ్ల కూలి పనినే. ఎండలో, ఇంకొకరి చేలో, తక్కువ కూలికి చేసిన పని నుంచి బయటపడటం ఆమెకు నిజంగానే గెలుపు. పుస్తకాల్లో చదివిన స్త్రీవాదం పట్టుకుని ఆమె దగ్గరకు వెళ్లి ఆ గెలుపును కొట్టిపారేయడానికి నేనెవర్ని?

కానీ ఆమె పని మానలేదు. కూలికి వెళ్లడం మానింది. సొంత చేలో చేస్తోంది, రెండు గేదెలు చూస్తోంది, పాల కేంద్రానికి పాలు పోస్తోంది, ఉదయం బస్సు వచ్చేలోపు ముగ్గురికి క్యారేజీలు కడుతోంది. మారిందల్లా ఒకటే. ఇదివరకు ఆ పనికి తక్కువైనా ఒక రేటు ఉండేది, ఇప్పుడు ఆదాయం గడిలో గీత ఉంది.

ఆ గీతను పిల్లలు చదువుతారు. ఆరో తరగతి పిల్లలకు ‘మై మదర్’ అని ఒక పేరా రాయమని ఇస్తాం. ఏ స్కూల్లోనైనా ఇచ్చేదే. చాలా పేరాల్లో ఒక వాక్యం తప్పకుండా వస్తుంది: ‘షి ఈజ్ ఓన్లీ ఎ హౌస్‌వైఫ్.’ వ్యాకరణ దోషం ఏమీ లేదు, ఎర్ర సిరాతో దిద్దడానికి వీల్లేదు. ఆ ‘ఓన్లీ’ అనే మాట వాళ్లకు నేర్పింది నేను కాదు, పాఠ్యపుస్తకమూ కాదు. ఇంటికి ఎవరైనా వచ్చి ‘మీరేం చేస్తుంటారమ్మా’ అంటే ‘ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటాను’ అని అమ్మ చెప్పే జవాబులోంచి వచ్చింది అది.

(ఇంకో చిన్న సంగతి, మాటలు నేర్పేదాన్ని కాబట్టి గమనిస్తుంటాను. పిల్లలు ‘మా నాన్నగారు వచ్చారు’ అంటారు, ‘మా అమ్మ వచ్చింది’ అంటారు. తెలుగులో అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, మూడింటికీ క్రియ ఒకటే. దీన్ని నేను తప్పు పట్టను. భాష అలా ఏర్పడింది, పైగా అందులో చనువు ఉంది. ‘అమ్మగారు’ అంటే మన ఇళ్లల్లో ఎవరో పరాయి మనిషిలా వినిపిస్తుంది. ప్రతిదానికీ గొడవ పెట్టుకోకూడదు.)

తర్వాత అదే క్లాసుకు ఇంకో పని ఇచ్చాను. ఆదివారం ఒక్కరోజు ఇంట్లో ఎవరు ఎన్నింటికి ఏం చేశారో టైమ్‌టేబుల్ గీసి తీసుకురమ్మన్నాను, ఇంగ్లిష్ క్రియాపదాల కోసం. స్వీప్, ఫెచ్, మిల్క్, గ్రైండ్, ఫోల్డ్... పదాలు వాళ్లే డిక్షనరీలో వెతుక్కున్నారు. ఒక అబ్బాయి వాళ్ల అమ్మ గడి పేజీలో పట్టక వెనక్కి తిప్పి రాశాడు. తన గడిలో మూడు పదాలున్నాయి: ఈట్, ప్లే, స్లీప్. వాడే చూసుకుని నవ్వాడు. ఆ క్లాసులో నేను ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు.

వాడు గీసిన టైమ్‌టేబుల్ లాంటిదే దేశం మొత్తానికి ప్రభుత్వం కూడా గీసింది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. అంటే ఐదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. ఆ పని చేసే మగవాళ్లు పెడుతున్నది 97 నిమిషాలు. అది కూడా చేసేవాళ్ల లెక్కే. ఆడవాళ్లలో నూటికి 81 మంది చేస్తుంటే, మగవాళ్లలో చేసేది 26 మంది. పిల్లల్ని, ముసలివాళ్లను చూసుకునే పని ఇందులో కలపలేదు, దాని లెక్క వేరే ఉంది.

ఈ అంకెల్ని ఒక తీర్పులో ఎత్తి చూపింది తెలుగువాడే. ఢిల్లీలో 2014లో ఒక దంపతులు రోడ్డు ప్రమాదంలో చనిపోతే, వాళ్ల పిల్లల నష్టపరిహారం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కీర్తి వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ కంపెనీ. 2021 జనవరి 5న వచ్చిన ఆ తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తన అభిప్రాయం రాశారు. పక్కనే అప్పటి కృష్ణా జిల్లాలో రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. ఇంట్లో ఉండే ఆడవాళ్లు పని చేయరనీ, ఇంటికి ఆర్థికంగా ఏమీ కలపరనీ అనుకోవడం తప్పు అని, ఏళ్ల తరబడి నడుస్తున్న ఆ ఆలోచనను పోగొట్టాలని ఆయన చెప్పారు. అందుకే గృహిణికి కూడా ఊహాత్మక ఆదాయం లెక్కగట్టాలన్నారు. అంతకుముందు, జంషెడ్‌పూర్‌లో 1989లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో, గృహిణి చేసే పనికి నెలకు 3,000 రూపాయల విలువ కట్టాలని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. 2010లో ఇంకో తీర్పు, ఇంటిపని చేసే ఆడవాళ్లను జనాభా లెక్కల్లో భిక్షగాళ్లు, ఖైదీలతో కలిపి పని చేయనివాళ్ల జాబితాలో వేయడాన్ని తప్పుపట్టింది.

మంచి తీర్పులే. అయితే ఒకటి గమనించారా? ఇవన్నీ ప్రమాదాల కేసులు. కోర్టు అమ్మ పనికి వెల కట్టింది అమ్మ పోయాకే. బతికున్నప్పుడు కట్టే చోటు ఇల్లే.

కొంతలో కొంత, ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. 2020లో మొదలైన అమ్మఒడి అయినా, ఇప్పటి తల్లికి వందనం అయినా, డబ్బు పడేది తల్లి ఖాతాలో. పార్టీలు మారినా ఆ ఒక్క పద్ధతి మారలేదు. మన పిల్లల తల్లుల్లో కూడా చాలామందికి అది వచ్చింది. ఇక ఆ ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉందో, పిన్ నంబరు ఎవరికి తెలుసో నేను అడగను. మీ ఇంట్లో మీరే చూసుకోండి.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన విషయానికి వస్తాను. ఫీజులు. ‘అబ్బాయిని ఇక్కడే ఉంచుతాం, అమ్మాయిని వచ్చే ఏడు ఊళ్లో స్కూల్లో వేస్తాం’ అనే మాట ప్రతి ఏప్రిల్‌లోనూ ఒకటి రెండు ఇళ్ల నుంచి వస్తుంది. మిర్చి రేటు పడిన సంవత్సరం ఇంకొన్ని ఇళ్ల నుంచి వస్తుంది. రైతు ఇంటి కష్టం నాకు తెలియనిది కాదు, అప్పు చేసి ఫీజు కట్టే తండ్రులు ఉన్నారని తెలుసు. ఊళ్లో ప్రభుత్వ స్కూలు తక్కువదనీ అనడం లేదు, అక్కడ నాకంటే మంచి టీచర్లు ఉన్నారు. నా ప్రశ్న ఒక్కటే. ఖర్చు తగ్గించాల్సి వచ్చిన ప్రతిసారీ తగ్గేది అమ్మాయి దగ్గరే ఎందుకు? ‘రేపు దానికి కట్నం కూడా ఇవ్వాలి కదా మేడమ్’ అంటారు. కొడుక్కి కట్టేది పెట్టుబడి, కూతురికి కట్టేది ఖర్చు. కూతురిది మాత్రం రెండుసార్ల ఖర్చు.

ఈ లెక్క ఎక్కడ తేలుతుందంటే రిజిస్ట్రారు ఆఫీసులో. కొంతమంది తల్లిదండ్రులకు ఈ చరిత్ర తెలియకపోవచ్చు, అందుకే చెప్తున్నా. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చిన చట్టం ఢిల్లీలో రాకముందే మన రాష్ట్రంలో వచ్చింది. ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా. అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకు మాత్రం అది వర్తించలేదు. దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9న సవరణ వచ్చింది, పెళ్లయినా కాకపోయినా సమాన హక్కు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న గొడవను 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఉండనక్కర్లేదు, హక్కు పుట్టుకతో వచ్చింది. తండ్రి సొంతంగా సంపాదించినదానికి వీలునామా రాస్తే అది వేరే సంగతి. మన దగ్గర చాలామంది ఉన్న క్రైస్తవ కుటుంబాల్లో, వీలునామా లేనప్పుడు, 1925 నాటి వారసత్వ చట్టం ప్రకారం కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా. ముస్లిం కుటుంబాలకు వాళ్ల వారసత్వ నియమాలు, అందులో కూతురికి కొడుకు వాటాలో సగం, కానీ వాటా అంటూ తప్పక ఉంది.

ఇదంతా కాగితం మీద. జరిగేదేమిటంటే, తండ్రి పోయాక అన్నదమ్ములు అక్కచెల్లెళ్లను పిలిచి హక్కు వదులుకుంటున్నట్టు ఒక దస్తావేజు మీద సంతకం పెట్టిస్తారు. చీర, పసుపు కుంకుమ, భోజనం. ‘నీకు అప్పుడే కట్నం ఇచ్చేశాంగా’ అంటారు. కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ రెండూ 1961 నుంచి నేరం. నేరం చేసి, దాన్నే ఆస్తి ముట్టినట్టు రసీదుగా చూపిస్తున్నాం! పైగా ఆ కట్నం చేరింది ఆమె చేతికి కాదు, అత్తవారింటికి. సంతకం పెట్టనంటే పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందని ఆమెకు తెలుసు. పండక్కి పిలుపు ఉండదు. అందుకే ఎకరం వదులుకుని గుమ్మం నిలుపుకుంటుంది. ఆమె తెలివితక్కువది కాదు, ఆమెకు ఇచ్చిన బేరం అలాంటిది.

అడిగిన ఆడపిల్లకు మన ప్రాంతంలో ఒక పేరు సిద్ధంగా ఉంటుంది: ‘నాయకురాలు నాగమ్మ’. క్లాసులో గట్టిగా వాదించే అమ్మాయిలను కూడా ఈ పేరుతో ఏడిపించడం విన్నాను. పల్నాటివాళ్లం కాబట్టి ఆ కథ అందరికీ తెలిసిందే. పన్నెండో శతాబ్దంలో గురజాలలో నలగామరాజు దగ్గర మంత్రిగా రాజ్యం నడిపిన స్త్రీ. శ్రీనాథుడి పల్నాటి వీరచరిత్ర నుంచి, వీరవిద్యావంతులు పాడే కథల నుంచి, 1947లో కన్నాంబ, 1966లో భానుమతి వేసిన సినిమా పాత్రల దాకా ఆమె మనకు తెలుసు. కారంపూడి యుద్ధానికి కారణం ఎవరంటే చిన్నపిల్లలు కూడా ఆమె పేరే చెప్తారు. కోడిపందెం మీద రాజ్యాన్ని ఒడ్డిన వాళ్లు రెండు వైపులా ఉన్నారు. ఓడితే ఏడేళ్లు దేశం విడిచి వెళ్తామని ఒప్పుకున్న పెద్దమనుషులున్నారు. రాజ్యం కోసం కొట్టుకున్న అన్నదమ్ములున్నారు. వాళ్లందరూ వీరులు. కార్తీక మాసంలో వాళ్లకు ఉత్సవం. ఆమె మాత్రం కుట్రదారు.

నాగమ్మ మంచిదో చెడ్డదో తేల్చడం నా పని కాదు, రాజకీయం చేసిన మనిషి, ఎత్తులు వేసే ఉంటుంది. బ్రహ్మనాయుడూ వేశాడు. నాకు ఆసక్తి కలిగించేది వేరు. దాదాపు 840 ఏళ్ల కిందట మన గురజాలలో ఒక ఆడమనిషికి ‘మంత్రి’ అనే వృత్తి ఉంది. ఆ పేరును మనం తిట్టుగా వాడుకుంటున్నాం. మీ అమ్మాయిని ఎవరైనా అలా పిలిస్తే, ఆ నాగమ్మ ఏం ఉద్యోగం చేసిందో ఒకసారి చెప్పండి.

చివరగా ప్రోగ్రెస్ కార్డుల విషయం. కార్డు ఇంటికి పంపాక వారం దాటినా రాకపోతే అడుగుతాను. ‘నాన్న ఊళ్లో లేరు మేడమ్, రాగానే సంతకం పెట్టించుకొస్తా’ అంటారు పిల్లలు. అమ్మ ఇంట్లోనే ఉంది, కార్డు ముందు చూసింది అమ్మే, మార్కులు తగ్గినందుకు చీవాట్లు వేసింది కూడా అమ్మే. సంతకం మాత్రం నాన్నది కావాలి. ఇంగ్లిష్ నవలా రచయిత్రి గీతా హరిహరన్ 1984లో తన మైనర్ కొడుకు పేరున రిలీఫ్ బాండ్లకు దరఖాస్తు పెడితే, తండ్రి సంతకం కావాలని రిజర్వు బ్యాంకు అడిగింది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో బిడ్డకు సహజ సంరక్షకుడు ‘తండ్రి, ఆయన తర్వాత తల్లి’ అని ఉంది మరి. ఆమె ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1999 ఫిబ్రవరి 17న తీర్పు వచ్చింది. ‘ఆయన తర్వాత’ అంటే ఆయన చనిపోయాక అని కాదు, ఏ కారణం చేతనైనా బిడ్డ బాగోగులు ఆయన చూడనప్పుడు, అందుబాటులో లేనప్పుడు అని. అప్పుడు ఆయన బతికుండగానే తల్లే సంరక్షకురాలు. చట్టంలో ఆ మాట ఇప్పటికీ అలాగే ఉంది, దాన్నీ మార్చాల్సిందే.

బాండ్లకే తల్లి సంతకం సరిపోయినప్పుడు లెక్కల్లో వచ్చిన 62 మార్కులకు సరిపోదా? నా క్లాసు వరకు చెప్తున్నా. కార్డు మీద అమ్మ సంతకం ఉంటే చాలు, నాన్న వచ్చేదాకా ఆగక్కర్లేదు. సంతకం రాని తల్లులు వేలిముద్ర వేసినా తీసుకుంటాను. పెట్టడం నేర్చుకుంటామంటే శనివారం బస్సులు వెళ్లాక ఒక అరగంట స్కూల్లోనే ఉంటాను, రండి. ఇద్దరు ఇప్పటికే వస్తున్నారు. ఒకామె పేరు రాయడం అయిపోయి ఊరి పేరు మొదలుపెట్టింది.